మూల చింపిన ఉత్తరం

ఫిబ్రవరి 3

కత్తెరమ్మ గారి పాదాలకు గ్యాసుబండి తమ్ముడు మొక్కి రాయునది.

అక్కా, నీ ఉత్తరం నిన్న చేతికందింది. మూడు రోజుల దారికి నాలుగు రోజులు పట్టింది. పోస్టాఫీసు వాళ్లకి నా మీద కసి ఇంకా తీరలేదు. అమ్మకి బాగాలేదు, వెంటనే రమ్మని నువ్వు రాసిన ఉత్తరాన్ని ఆనాడు అయిదు రోజులు నాన్చి, నేను గడప తొక్కేసరికి అంతా అయిపోయేలా చేసిన జాతి అది. ఇరవై ఎనిమిదేళ్లయింది. భుజాన ఖాకీ సంచీ కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక నీ సంగతి. గడ్డ తగిలిందన్నావు. పదకొండో తారీఖున సూదితో దాంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారన్నావు. నొప్పి తెలియకుండా మాస్కు పెట్టి ఏదో గ్యాసు పీల్పిస్తారట, అది నీ బండిలోదేనా అని అడిగావు. గడ్డ ఎక్కడో తమ్ముడికి రాయడానికి సిగ్గుపడి ఆ మాట మీద సిరా ఒలకబోశావు. మరక ఎంత పెద్దదో చూస్తే అక్కడే అర్థమైంది. నలభై ఏళ్లుగా ఊరందరి రవికెల కొలతలు తీసినదానివి, నీకు సిగ్గేమిటి?

భయపడకు. నేను భయపడటం లేదు. రెండు రోజులుగా అన్నం సయించకపోవడం పన్నునొప్పి వల్ల.

ఆ గ్యాసు నాకు చుట్టమే. పాతికేళ్లుగా ఆసుపత్రుల వెనక గేట్ల దగ్గర దాన్ని దించుతున్నాను. నీలం సిలిండరు. నవ్వుగ్యాసంటారు. నొప్పిని చెదరగొడుతుంది, నిజమే. కానీ డాక్టర్లు చెప్పని గుట్టొకటి ఉంది, లోడు దించేవాళ్లకే తెలుసు. అది పీలిస్తే కడుపులో ఉన్నది కడుపులో ఆగదు. మొన్న ఒక హెడ్మాస్టరు గారు నాలుగు గుక్కలు పీల్చి, ముప్పై ఏళ్లు కాపురం చేసిన భార్యతో తన జుట్టు విగ్గని ఒప్పేసుకున్నాడు. ఇంకొకావిడ అత్తగారి ఇత్తడి బిందె ఏ బావిలో పారేసిందో, ఎందుకు పారేసిందో పూసగుచ్చినట్టు చెప్పేసింది, అత్తగారి ముందే. నీ పక్కన బావగారు కూర్చుంటారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వు అక్కడ కక్కింది సాయంత్రానికల్లా ఇక్కడ నాకు చేరుతుంది. చూసుకో మరి.

ఆగు. పన్ను ప్రాణం తీస్తోంది. లవంగనూనె అద్దుకుని వస్తాను.

వచ్చాను. ఇంట్లో దూది లేదు. చేతికి దొరికిందాంతో అద్దుకున్నాను.

మన చట్టం గుర్తుందిగా? నా కాలు విరిగిందని దొంగ ఉత్తరం రాసి నిన్ను రెండు బస్సులు మార్పించినప్పుడు నువ్వు పెట్టిన చట్టం. నిజమైతే కాగితం కుడి మూల చింపాలి, తమాషా అయితే వదిలెయ్యాలి. ఇన్నేళ్లలో నేను తప్పలేదు. ఈ ఉత్తరానికీ మూల చూసుకుని, హాయిగా నవ్వుకుని వెళ్లి రా.

ఇట్లు,
పుచ్చుపన్నుతో,
నీ తమ్ముడు


ఫిబ్రవరి 13

ఒరేయ్,

పని కాలేదు.

ఫోనులో చెబుదామంటే అది మీ బావగారి జేబులో ఉంటుంది, మాట్లాడుతున్నంతసేపూ ఆయన చెవి నా పక్కనే ఉంటుంది. అందుకని రాస్తున్నాను.

కిటికీ లేని గది. మంచం నా కట్టింగు బల్ల అంత వెడల్పు ఉంటుంది. డాక్టరమ్మ చల్లటి జిగురేదో రాసి, టీవీలాంటి దాంట్లో గడ్డను చూపించింది. బఠాణీ గింజంత నల్లమచ్చ. దీనికా నేను నెలరోజులుగా పక్కకి తిరిగి పడుకోవడం లేదు అనిపించింది. అప్పుడు నర్సమ్మ మాస్కు పట్టుకొచ్చింది. వెనకే నీలం సిలిండరు, నువ్వు చెప్పినట్టే. కాళ్ల దగ్గర మీ బావగారు స్టూలు మీద కూర్చున్నారు.

వద్దన్నాను.

డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. అక్కర్లేదు, నేను సూదితో బతికేదాన్ని అన్నాను. గొప్పకి పోయాను. తిమ్మిరి ఇంజెక్షనిచ్చి మొదలుపెట్టారు. ఆ సూది లోపలికెళ్లి టక్కుమంటుంది, కాగితాలకి పిన్ను కొట్టేదానిలా. మొదటి టక్కుకి ఓర్చుకున్నాను. రెండోదానికి పళ్లు బిగించాను. నొప్పి ఎంతో కాదురా, మూడో టక్కు ఎప్పుడు వస్తుందా అని కాచుకోవడమే చంపింది. అది వచ్చేసరికి ఒళ్లంతా ఎగిరిపడింది. డాక్టరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. “అమ్మా, మీరిలా కదిలితే సూది ఎటో పోతుంది. ఇవాళ్టికి ఆపేద్దాం” అంది. మిషను సూది వేలిలో దిగినా కుట్టు పూర్తిచేసి లేచేదాన్ని నేను.

తీసిన ముక్క చాలదని నిన్న ఫోను చేశారు. దాంతో ఏదీ తేల్చి చెప్పలేరట. మార్చి ఒకటిన మళ్లీ రమ్మన్నారు, ఆలస్యం చెయ్యొద్దన్నారు. గ్యాసు లేకుండా మళ్లీ ఆ బల్ల ఎక్కలేను. గ్యాసు పీల్చలేను. నువ్వు మూల చింపి మరీ రాశావు కదా. నా కడుపులో ఒకటుంది, అది ఆ గదిలో బయటపడకూడదు. ఏమిటని అడక్కు.

అందుకని వెళ్లకూడదనే అనుకుంటున్నాను. చిన్న గడ్డే కదా.

పన్ను చూపించుకో.

అక్క


ఫిబ్రవరి 14

గడ్డను జయించిన కత్తెరమ్మ గారికి జేజేలు!

నీ ఉత్తరం ఇంకా రాలేదు. పోస్టాఫీసు వాళ్ల సంగతి తెలిసిందే. ఈపాటికి ముక్క పరీక్షకి వెళ్లి ఉంటుంది, నువ్వు మిషను ముందు కూర్చుని కాజాలు కుడుతూ ఉంటావు.

ఇంతకీ ఏం కక్కావు? బావగారికి ఫోను చేశాను. “ఏమీ చెప్పలేదోయ్, అసలు నోరే విప్పలేదు” అన్నారు, అంతలో లైను తెగిపోయింది. నేను నమ్మలేదు. ఆ మనిషి ఏదైనా దాచాడంటే అది మామూలు విషయం కాదన్నమాట. మీ మరదలూ నేనూ పందెం వేసుకున్నాం. బావగారి పాత రేడియో పాడుచేసింది నువ్వేనని ఆవిడ, కాదు దానికంటే పెద్దదేదో ఉందని నేను. ఎలాగైనా ఆయన నోట్లోంచి రాబడతాను చూడు.

ఫలితం వస్తే వెంటనే రాయి. నిన్న సిలిండరు దించుతూ పొరపాటున ఆక్సిజను చోట కార్బన్ డయాక్సైడు నిలబెట్టాను. పాతికేళ్లలో మొదటిసారి. స్టోరు మనిషి చూసి తిట్టాడు. పన్ను వల్ల.

తమ్ముడు


ఫిబ్రవరి 17

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నిలబడి మొదలుపెట్టాను, “మూల చింపి మరీ రాశావు” అన్న దగ్గరికి వచ్చి ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాను.

నేను చింపలేదు! గంటసేపు బుర్ర గోక్కున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. లవంగనూనె. దూది లేదని రాశాను చూడు, అప్పుడు చేతికి దొరికింది నీకు రాస్తున్న ఉత్తరమే. ఆ కాగితం మూలే చింపి, ఉండలా చుట్టి, నూనెలో ముంచి పంటి మీద పెట్టుకున్నాను. ఏ మూలో కూడా చూసుకోలేదు. దౌర్భాగ్యుడి చేతికి కుడి మూలే తగిలింది.

గ్యాసుకీ గుట్టుకీ ఏ సంబంధమూ లేదు. హెడ్మాస్టరూ లేడు, విగ్గూ లేదు, బిందే లేదు. అంతా నేను స్టీరింగు ముందు కూర్చుని అల్లింది. నిన్ను కాస్త నవ్విద్దామని. కాదు, నన్ను నేను నవ్వించుకుందామని. నీ సిరా మరక చూసినప్పటి నుంచి ఏం చెయ్యాలో తోచలేదు. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

పద్నాలుగో తారీఖు ఉత్తరం నీకు చేరే ఉంటుంది. అది చించి పొయ్యిలో పెట్టు.

నీ కడుపులో ఉన్నదేమిటో నాకు తెలుసులే. చిన్నప్పుడు నా తెల్లపావురాన్ని పిల్లి ఎత్తుకుపోలేదు, గూడు తలుపు తీసి నువ్వే వదిలేశావు. క్షమించాను. వెళ్లి గ్యాసు పీల్చు. ఈ కాగితానికి నాలుగు మూలలూ చింపాను, చూసుకో.

ఒకటో తారీఖు దాటిపోనివ్వకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

తమ్ముడు


ఫిబ్రవరి 20

ఒరేయ్ తుంటరీ,

నాలుగు మూలలూ లేని కాగితం చూసి ఎలుక కొట్టిందేమో అనుకున్నాను.

మూల చింపిన ఉత్తరం అబద్ధమంటావు. దాన్ని అబద్ధమన్న ఉత్తరానికి మళ్లీ మూలలు చింపావు. ఇక నేను దేన్ని నమ్మను? నేను బల్ల ఎక్కాలని ఇప్పుడు నువ్వు ఎంత అబద్ధమైనా ఆడతావు. అది ప్రేమే, కాదనను. కానీ నీ ప్రేమా, నీ వేళాకోళమూ ఒకే చొక్కా వేసుకుని తిరుగుతాయి. ఏది ఏదో నాకెలా తెలుస్తుంది?

పద్నాలుగో తారీఖుది కూడా వచ్చింది. బావగారి నోట్లోంచి రాబడతానన్నావు. చదివినప్పటి నుంచి ఆ మనిషి ఇంట్లో తిరుగుతుంటే ఆయనకీ ఏదైనా తెలుసేమోనని అనుమానంగా ఉంది.

నర్సమ్మనే అడుగుదామనుకున్నాను. ఏమని అడగను? “అమ్మా, ఇది పీలిస్తే పాపాలు బయటపడతాయా” అనా?

పావురం కాదు. దాన్ని పిల్లే ఎత్తుకుపోయింది.

ఇవాళ ఒక చొక్కాకి చేతులు తిరగేసి కుట్టాను. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. ఆ మనిషి వేసుకుని అద్దం ముందు నిలబడేదాకా నాకూ తెలియలేదు. మీ బావగారు నన్నేమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే నాకు భయమేస్తుంది.

అక్క


ఫిబ్రవరి 25

అక్కా,

ఇంతవరకు నా ఉత్తరాలన్నీ నేను రాశాను. ఇందులో సగం మీ మరదలి చేతిరాత. ఆవిడకి అబద్ధం రాయడం చేతకాదని నీకు తెలుసు. కూరలో ఉప్పెక్కువైతే ముందే చెప్పేసి వడ్డించే మనిషి.

నిన్న పన్ను పీకించుకున్నాను. ఊళ్లో నవ్వుగ్యాసు పెట్టే పళ్ల డాక్టరు ఒక్కడే, వాడికి సిలిండర్లు వేసేది నేనే. “నీకు ఇంజెక్షను చాలు, గ్యాసెందుకు” అన్నాడు. మా అక్క ప్రాణం మీదికొచ్చింది, పెట్టి తీరాలన్నాను. నీ పన్నుకీ మీ అక్క ప్రాణానికీ ఏమిటయ్యా అని వాడు మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల పట్టుకుంది.

లోపలికి వెళ్లేముందు ఒక రహస్యాన్ని గట్టిగా తలుచుకున్నాను. ఆవిడ చెవిన పడితే వారం రోజులు ఇంట్లో పొయ్యి వెలగని రహస్యం. కారుతుందో లేదో చూద్దామని. ఆవిడని పక్కన కూర్చోబెట్టి నా నోటినుంచి వచ్చిన ప్రతిమాటా రాయమన్నాను. కింద చూడు.

“వదినగారికి నమస్కారం. ఆయన చెప్పినట్టే రాశాను. ముక్కుకి మాస్కు పెట్టాక మొదటి నిమిషం: ఏమీ అనలేదు, కాలి బొటనవేలు ఊపారు. రెండో నిమిషం: ‘ఈ కాళ్లు ఎవరివి?’ అని అడిగి నవ్వారు. మూడో నిమిషం: ‘లోడు దిగిందా?’ అన్నారు. పన్ను పీకేటప్పుడు: ఊఁ అన్నారు. పీకాక: ‘ఇంకా మొదలెట్టరేం?’ అన్నారు. మాస్కు తీసిన అయిదు నిమిషాలకి డాక్టరు గారి కుర్చీకి నట్టు వదులుగా ఉందని ఆయనకే పాఠం చెప్పారు, అంటే మామూలు మనిషయ్యారు. ఇంతే, వదినగారూ. దాచింది లేదు. ఆ రహస్యమేమిటో మీకైనా తెలుసా? నాకు చెప్పడం లేదు. మీ మరదలు.”

చూశావా? కారలేదు. ఇప్పుడు ఇంట్లో దాని కోసమే విచారణ నడుస్తోంది, అది వేరే సంగతి.

ఇక నేను వేళాకోళం లేకుండా రాస్తున్నాను, కష్టంగా ఉంది. డాక్టరు చెప్పింది: అది పూర్తి మత్తు కాదు, నిద్ర పట్టదు, మాటలు వినబడతాయి, చెప్పాలనుకున్నదే చెబుతావు. మీ ఆసుపత్రిలో మాస్కు నీ చేతికే ఇస్తారట. ఇంకెవరూ పట్టుకోకూడదు. పీల్చడం ఎక్కువైతే నీ చెయ్యే జారుతుంది, మాస్కు పడిపోతుంది, గ్యాసు అందదు. తాళం చెవి నీ దగ్గరే ఉన్నట్టు. సూది దిగేటప్పుడు కాదు, దానికి నిమిషం ముందే పీల్చడం మొదలుపెట్టు. చెవులు, కళ్లు, ఊపిరితిత్తుల గురించి ముందే ఏవో అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పు.

నొప్పి ఎలా ఉంటుందంటే, పోదు. ఉంటుంది. కానీ పక్కింటి పిల్లాడు ఏడుస్తున్నట్టు ఉంటుంది. వినబడుతుంది, మనం లేవక్కర్లేదు.

వెళ్తావు కదూ?

తమ్ముడు

(మూలలు ముట్టుకోలేదు. నమ్మితే నమ్ము.)


మార్చి 2

తమ్ముడూ,

నిన్న వెళ్లొచ్చాను.

నీకోసం కాదు, మీ ఆవిడ చేతిరాత చూసి వెళ్లాను. “ఈ కాళ్లు ఎవరివి” దగ్గర నవ్వాను. నెలరోజుల తర్వాత నవ్వాను, ఏ గ్యాసూ లేకుండా.

మాస్కు నా చేతికే ఇచ్చారు. అది సరిగ్గా ఆనలేదని మీ బావగారు లేచి, మాస్కు మీద చెయ్యివేసి నా ముఖానికి అదిమిపట్టబోయారు. నర్సమ్మ ఒక్క కేక వేసింది. “ఆవిడ చెయ్యే పట్టుకోవాలి, మీరు కూర్చోండి!” పాపం, ముప్పై అయిదేళ్లలో నాకు సాయం చెయ్యడానికి ఆయన అంత వేగంగా లేవడం అదే మొదటిసారి. చిన్నబోయి స్టూలు మీద కూర్చుని నా పాదం పట్టుకున్నారు. అయిపోయేదాకా వదల్లేదు.

నిమిషం ముందే మొదలుపెట్టాను. చేతివేళ్ల చివర్లు చిమచిమలాడాయి. గది నాకంటే కొంచెం ఎత్తుకి లేచింది. టక్కు, టక్కు, టక్కు. నువ్వన్నట్టే, పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నారు. అయిదు ముక్కలు తీశారు. నేను మాట్లాడింది ఒక్కటే మాటట. “డాక్టరమ్మా, మీ రవికె ఎడమ భుజం జారుతోంది, ఎవరు కుట్టారు?” ఆవిడ నవ్వు ఆపుకోలేక సూది పక్కన పెట్టి, మళ్లీ మొదలుపెట్టింది. ఫలితం ఎనిమిదో తారీఖున.

అంతే. మరేదీ బయటికి రాలేదు. మాస్కు తీశాక నర్సమ్మ నీళ్లిచ్చింది. తాగుతూ అనుకున్నాను, ఇక ఏ గ్యాసూ దీన్ని నాలోంచి బయటికి తియ్యదు. నేనే తియ్యాలి. ఎనిమిదో తారీఖున ఏమొస్తుందో తెలియదు. అది వచ్చాక చెబితే జాలిపడి క్షమిస్తావు. నాకది వద్దు. అందుకే ముందే రాస్తున్నాను. కుడి మూల చింపాను, చూసుకో.

అమ్మ నిద్రలోనే పోయిందనీ, ఎవర్నీ అడగలేదనీ నీకు చెప్పాను. అడిగింది. పోయేదాకా రోజూ నిన్నే అడిగింది. “వాడొచ్చాడా? ఏం వేషం వేసుకొస్తాడో చూడాలి” అంటూ తలుపు వైపే చూసింది.

ఉత్తరం ఆలస్యం చేసింది పోస్టాఫీసు వాళ్లు కాదు. అమ్మ పడిపోయిన రోజే రాశాను, ఆ రోజు తేదీయే వేశాను, మూల చింపాను. కానీ పోస్టు చెయ్యలేదు. దానికి పదిహేను రోజుల ముందే కదా కాలు విరిగిందని రాశావు, నేను ఏడుస్తూ రెండు బస్సులు మారి వచ్చాను, నువ్వు ఆ కాలు స్టూలు మీద పెట్టుకుని నవ్వావు. ఆ మంట నాలో ఆరలేదు. రెండు రోజులు వీడూ కాచుకోనీ, తెలుస్తుంది అనుకున్నాను. అమ్మ లేస్తుందనే అనుకున్నాను. ఆ ఉత్తరం కుట్టుమిషను సొరుగులో రెండు రోజులు పడుకుంది. మూడోరోజు పరుగెత్తి వేశాను. నువ్వు వచ్చింది ఒక్కరోజు ఆలస్యంగా.

తేదీ చూసి నువ్వు పోస్టాఫీసు వాళ్లని తిట్టడం మొదలుపెట్టావు. నేను ఊరుకున్నాను. నువ్వు వాళ్లని తిట్టిన ప్రతిసారీ ఆ తిట్టు సొరుగులోకే వెళ్లింది.

ఇక నీ ఇష్టం.

అక్క


మార్చి 5

అక్కా,

నీ ఉత్తరం పొద్దున్నే వచ్చింది. ఆసుపత్రి వెనక గేటు దగ్గర చదివాను. లోడు సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను.

కోపం వచ్చింది. అబద్ధం చెప్పను, చాలా వచ్చింది. ఎవరి మీదో తేలడానికి గంట పట్టింది. నీ మీదికి వెళ్లి చూశాను, అక్కడ కాలు విరగని ఒక వెధవ స్టూలు మీద కూర్చుని నవ్వుతున్నాడు. వాణ్ని దాటి నీ దగ్గరికి రాలేకపోయాను. అమ్మ నన్ను అడిగిందన్నావు. ఏం వేషం వేసుకొస్తానో చూడాలందా? ఆ మాట ఇరవై ఎనిమిదేళ్లు నీ దగ్గరే ఉంచుకున్నావు. అందుకు మాత్రం నిన్ను క్షమించడానికి కొంచెం టైము పడుతుంది. ఉత్తరం ఆపినందుకు కాదు.

మధ్యాహ్నం టపాతో పోస్టుమాన్ మళ్లీ మా వీధిలోకి వచ్చాడు. పాత తరంవాడు కాదు, కొత్తవాడు. ఎండలో చెమటలు కారుతున్నాయి. ఎదురెళ్లి మంచినీళ్లిచ్చి, “ఇన్నాళ్లూ మిమ్మల్ని అనవసరంగా తిట్టాను, మనసులో పెట్టుకోకండి” అన్నాను. వాడు నీళ్లు తాగడం ఆపి, చుట్టూ చూసి, “ఏంటి సార్, ఏదైనా తమాషానా?” అన్నాడు. వీధిలో నా పేరు అలాంటిది. మీ మరదలు గుమ్మంలో నిలబడి చూసింది, ఆవిడా నమ్మలేదు.

అప్పుడు తెలిసింది నాకు. నేను నిజం రాసినా, నిజం మాట్లాడినా వినేవాళ్లు ముందు నా చేతులవైపు చూస్తారు, ఏం దాచానా అని. చట్టం పెట్టడం నీ తప్పు కాదు. పెట్టాల్సి రావడం నా తప్పు.

అందుకని ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం లేదు. నాలుగు గంటల బస్సుకి బయల్దేరుతున్నాను. ఫలితం ఎనిమిదిన అన్నావు. మూడు రోజులు ముందే వస్తున్నాను. వచ్చి మాటల్లో చెప్పాలంటే నా నోరు నాకే తెలుసు, గుమ్మంలోనే ఏదో పేలుతుంది. అందుకే అన్నీ రాసి, కాగితం నేనే పట్టుకొస్తున్నాను. తలుపు తీశాక ఏమీ అనను. ఇది నీ చేతిలో పెట్టి, నువ్వు చదివేదాకా మిషను పక్కన స్టూలు మీద కూర్చుంటాను. రెండు కాళ్లూ నేల మీదే ఉంటాయి.

ఎనిమిదిన ఆసుపత్రికి ముగ్గురం వెళ్దాం. లోపలికి నిన్ను పిలిచినప్పుడు బావగారిని స్టూలు మీద కూర్చోనీ, నేను గోడకి ఆనుకుని నిలబడతాను. వాళ్లు ఏం చెప్పినా ముందు నువ్వు విను, తర్వాత నేను వింటాను. ఏదైనా జోకు వేయబోతే నా కాలు తొక్కు.

మూలలు వెతకకు. ఏదీ చింపలేదు. మనిషినే తెచ్చాను కదా.

తమ్ముడు